వెనక్కి తిరిగినవాడు

"ప్రమాదమని తెలిసే వెళ్లారా అన్నయ్యా?" అడిగింది ఆమని.

ఆల్ప్స్‌లో మంచుచరియ కింద ఆమె భర్త కిశోర్ పోయి పన్నెండు రోజులైంది. అతనితో స్కీయింగ్‌కి వెళ్లి బతికొచ్చిన ఆఫీసు స్నేహితుడు కళాధర్, ఐర్లండ్‌లో, కార్క్‌లోని ఆమని ఇంట్లో తలదించుకుని కూర్చున్నాడు.

"మంచుచరియలు పడొచ్చన్న వార్నింగ్ పొద్దున్నే చూశాం."

"రిస్క్ ఉంటే తిరిగొచ్చేస్తానని ప్రామిస్ చేశాడు. ఆ మాటా నిలబెట్టుకోలేదు."

"నిలబెట్టుకున్నాడమ్మా. ఆ వాలు చూసి వద్దన్నాడు, వెనక్కి తిరిగాడు. నేనే వినకుండా దిగాను. మంచు విరిగి నన్ను కప్పేసింది. నా జాకెట్‌లోని బీకన్ పంపే సిగ్నల్ పట్టుకుని వచ్చి, తవ్వి బయటికి లాగాడు. అంతలో పైనుంచి మళ్లీ విరిగి, ఈసారి అతని మీద పడింది."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నీకు మొహం చూపించలేక."

 మెట్ల మీద కూర్చుని వింటున్న ఏడేళ్ల కూతురు అపర్ణను ఆమని దగ్గరికి పిలిచింది.

"డాడీ మన మాట వినలేదని చెప్పాను కదా. అది తప్పు తల్లీ. విన్నాడు."

"దెన్ వై డిడ్న్ట్ హీ కమ్ హోమ్, మామ్?"

కళాధర్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"అంకుల్‌ని ఇంటికి పంపడానికి ఆగాడమ్మా," అంది ఆమని. భర్త పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి.