గాలి చొరని మందిరం

పక్క తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

గాలి లోపలికి దూరింది. పెట్టెలోని బంగారు రేకులు నాలుగు లేచి గాల్లో తేలాయి.

“తలుపు, తలుపు” అన్నాడు పరంజా మీదున్న పనివాడు.

ఊపిరి కాస్త గట్టిగా తగిలినా ఎగిరిపోయే రేకులవి. అందుకే మూడు వారాలుగా ఆ ప్రార్థన మందిరం తలుపులూ కిటికీలూ బిగించేశారు. దేవుడి గోడకు బంగారం అతుకుతున్నారు కనుక భక్తులు రోడ్డు మీదే నిలబడి దండం పెట్టుకుని పోతున్నారు.

ఖర్చంతా ఇనుము వ్యాపారిది. చాటుగా ఆయన్ని ‘ఇనప్పెట్టె’ అంటారు. తాళం చెవి ఎక్కడుంటుందో భార్యకు కూడా తెలియదట.

ఆయన పదకొండేళ్ళ కూతురు ఆసుపత్రిలో ఉంది. నయమైతే గోడంతా బంగారం చేయిస్తానని మొక్కుకున్నాడు. ముందే చేయించేస్తే దేవుడు కాదనలేడని తట్టి, నయం కాకుండానే పని మొదలుపెట్టించాడు. సరుకు తెప్పించుకోవడంలోనూ ఆయన పద్ధతి అదే, డబ్బు ముందే కట్టెయ్యడం.

తలుపు దగ్గర ఓ బట్టతల మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా నిండా నల్లటి టైరు మరకలు.

“ఎవరు నువ్వు?” అన్నాడు పని చూసుకోవడానికి వచ్చిన వ్యాపారి.

“దండం పెట్టుకుందామనయ్యా. ఐదే నిమిషాలు.”

“రోడ్డు మీద పెట్టుకో. అందరూ పెట్టుకోవట్లా?”

“పదింటికి ఒక పనుందయ్యా. ఆ పనికి వెళ్ళేముందు ఇక్కడ కాసేపు కూర్చోవడం అలవాటు.”

“ఏం పని?”

ఆ మనిషి సిగ్గుపడ్డట్టు నవ్వాడు. “చెప్పుకునేది కాదులెండి.”

అప్పుడు కనిపించింది వ్యాపారికి. ఆ మనిషి మోచేతి మడతలో, చెమటకు అంటుకుని ఒక బంగారు రేకు మెరుస్తోంది.

చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. రేకు చుట్టూ సూది గుచ్చిన మచ్చలు. రెండో చెయ్యి తిప్పి చూశాడు. అక్కడా అవే.

“మత్తు సూదులా? వాటికోసం దేవుడి సొమ్ముకే ఎసరు పెట్టావా?”

“గాలికొచ్చి అంటుకుందయ్యా. ఆ మచ్చలంటారా...” చెప్పుకోవడం ఇష్టం లేనట్టు అక్కడితో ఆగిపోయాడు.

“గాలికి ఎగిరిందేనండీ” అన్నాడు పైనుంచి పనివాడు. “గోరంత రేకు. పోనివ్వండి.”

“ఎంత రేకన్నది కాదు. నాకు భక్తి ముఖ్యం” అన్నాడు వ్యాపారి.

పోలీసులు వచ్చి, జేబులు తడిమి, ఫోను లాక్కుని ఆ మనిషిని జీపెక్కించారు. అప్పటికింకా తొమ్మిది కాలేదు.

పదిన్నరకు వ్యాపారికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

వెళ్ళేసరికి కూతురి నోటి దగ్గర దూది పెట్టి ఉంది. చిగుళ్ళ నుంచి రక్తం ఆగడం లేదు. ఆ పిల్ల ఒంట్లో ప్లేట్‌లెట్లు నిలవవు. ఎవరివి పడితే వాళ్ళవి ఎక్కిస్తే ఒళ్ళు ఒప్పుకోదు. వెతగ్గా వెతగ్గా ఒకే ఒక్క మనిషివి సరిపడ్డాయి. ఆ మనిషి ఎవరో వీళ్ళకు చెప్పరు, ఈ పిల్ల ఎవరో ఆ మనిషికి చెప్పరు. ఆసుపత్రి నియమం.

“పది గంటల మామయ్య వచ్చాడా నాన్నా?”

పిల్ల పెట్టుకున్న పేరది. రెండు వారాలకోసారి ఠంచనుగా పదింటికి ఆ మనిషి వచ్చి కింది అంతస్తులో పడుకుని ప్లేట్‌లెట్లు ఇచ్చి వెళ్తాడని నర్సు చెప్పింది మరి.

“వస్తాడు తల్లీ. దోవలో ఉన్నాడట.”

బయటికొచ్చి నర్సును పట్టుకున్నాడు. “ఏడీ?”

“ఫోను పలకడం లేదండీ. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.”

“బెట్టు చేస్తున్నాడేమో. ఎంత కావాలో అడగమనండి. ఇస్తాను.”

నర్సు ఆయన వంక అదోలా చూసింది. “బస్సు చార్జీ ఇస్తామన్నా తీసుకోడండీ.”

డబ్బు తీసుకోని మనిషితో మాట్లాడాల్సిన అవసరం వ్యాపారికి ఎప్పుడూ పడలేదు. వరండాలో గోడకు తల ఆనించి, నీకు ఇంత చేస్తున్నానే అని దేవుణ్ణి అడిగాడు.

పన్నెండైంది. రెండైంది. ఇంకెవరివో ఎక్కించి చూశారు. నిలవలేదు.

సాయంత్రానికి ఖాళీ అయిన మంచం మీద దుప్పటి మార్చేశారు.

మూడో రోజున వ్యాపారి మందిరానికి వచ్చాడు. బేరం తప్పిన దేవుణ్ణి నిలదీద్దామని వచ్చాడు. గోడ సగం దాకా ధగధగలాడుతోంది. పనివాడు పరంజా దిగి ఓ మూల కూర్చున్నాడు.

పక్క తలుపు తెరుచుకుంది. గాలికి రేకులు లేచాయి. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

వచ్చింది కానిస్టేబులు. “ఇలాంటప్పుడు రాకూడదండీ. ఏమనుకోకండి. ఫిర్యాదు మీద సంతకం మిగిలిపోయింది.”

వ్యాపారి కలం తీసుకున్నాడు. “ఒప్పుకున్నాడా?”

“దొంగతనం ఒప్పుకోలేదండీ. తలుపు తియ్యడం మాత్రం తప్పేనంటాడు. ఇప్పుడు నోరెత్తట్లేదుగానీ, పట్టుకెళ్ళిన రోజున మా ప్రాణాలు తోడేశాడు.”

“ఏమని?”

“పదింటికల్లా నన్ను ఆసుపత్రిలో దింపండి, పని కాగానే మీరే తీసుకొచ్చి మళ్ళీ లోపలెయ్యండి, అక్కడెవరో ముక్కూమొహం తెలియని పాప నా కోసం ఎదురుచూస్తుంటుంది అని, పదయ్యేదాకా ఊచలు పట్టుకుని ఒకటే ఏడుపండీ.”