మూడు ఒడ్డుల ఒప్పందం

పోయిన కార్తీకంలో తాబేలు మందరమ్మకు, ఆమె జాతి మొత్తానికీ అన్యాయం జరిగింది.

తాబేళ్లు తరిగిపోతున్నాయని చెరువు మూడు ఒడ్డుల ఏలికలు నక్క, మొసలి, డేగ ఎంతో దిగులుపడి సభ చేశారు. ఎవరి ఒడ్డున లెక్క తేలిన తాబేళ్లలో వాళ్లు సగమే తినాలని ఒప్పుకున్నారు. ఎంత నిగ్రహమో!

“నాయనలారా, మేం గుడ్లు పెట్టేది నక్క ఒడ్డున, మేసేది మొసలి ఒడ్డున, ఎండ కాగేది డేగ ఒడ్డున. మూడుచోట్లా మీరు లెక్కేసింది మమ్మల్నే. మూడు సగాలు తింటే ఇంకెవరు మిగుల్తారు?” అంది మందరమ్మ.

“పక్క ఒడ్డు లెక్కలో వేలు పెట్టడం మర్యాద కాదవ్వా,” అంది నక్క.

ఒప్పందం అక్షరాలా అమలైంది.

మలి సభకు ఒక్క తాబేలూ రాలేదు. “ఇంత చేశాం, కృతజ్ఞత చూడు!” అని మొసలి నొచ్చుకుంది. తాబేళ్ల గైర్హాజరును ఖండిస్తూ ముగ్గురూ తీర్మానం రాసుకుని, కింద తేదీ వేశారు: వైశాఖ శుద్ధ దశమి, గురువారం.