మలుపు దగ్గర మెల్లిగా

మనవరాలు మొదటిసారి ఒంటరిగా చిన్న విమానం నడిపే రోజది. పొద్దున్నే దాని వెంట విమానాల మైదానానికి వచ్చేశాను.

ఆగలేక, విమానం నేర్పే మాస్టారిని పట్టుకుని, ప్రమాదం ఎక్కడుంటుందని అడిగాను.

"పైకి లేచాక తిరిగే మలుపులో, మామ్మగారూ. అప్పటిదాకా ఎదురొచ్చిన గాలి వెనక నుంచి తోస్తుంది. కింద నేల గబగబా పరుగెడుతున్నట్టుంటుంది. వేగం ఎక్కువైందనుకుని ఇంజను తగ్గించారో, విమానం రాయిలా పడుతుంది. నేలను కాదు, వేగం చూపించే ముల్లును చూడాలి."

మనవరాలు రాగానే చెయ్యి పట్టుకున్నాను.

"మలుపు దగ్గర మెల్లిగా వెళ్లవే తల్లీ."

"అబ్బా, మొదలెట్టావా అమ్మమ్మా!" అని చెయ్యి విదిలించుకుని విమానం ఎక్కేసింది.

మాస్టారు నెత్తి పట్టుకున్నారు. "ఇప్పుడే కదండీ చెప్పాను! సరిగ్గా ఆ మాటే అంటారా?"

విమానం లేచింది. మలుపు తిరుగుతుంటే కళ్లు మూసుకున్నాను. చక్రాలు నేలను తాకిన చప్పుడయ్యాకే తెరిచాను.

మనవరాలు నవ్వుతూ దిగింది.

"మలుపులో నేల ఎంత పరుగు పెట్టిందో! భయమేసి, ఇంజను తగ్గించబోయాను కూడా. అంతలో నీ గొంతే చెవిలో మోగింది, అమ్మమ్మా. మెల్లిగా, మెల్లిగా అని. ఒళ్లు మండి, తగ్గించడం మానేశాను."

అది నీళ్లు తాగడానికి వెళ్లాక మాస్టారు నా వంక అనుమానంగా చూశారు.

"పాకే వయసు నుంచీ నా మాట ఒక్కటి విన్న పిల్ల కాదు బాబూ," అన్నాను. "ఈ ఒక్కరోజు మాత్రం వింటుందేమోనని చచ్చేంత భయపడ్డాను."