మూడో ముడి

“కార్డు ఫార్మాట్ చెయ్యమంటుందండీ. నొక్కనా?” అంది ఉమారాణి.

“నొక్కకు, అన్నీ చెరిగిపోతాయి! ముందు మౌసు మీంచి చెయ్యి తియ్యి!” జగదీష్ కేక వేసి, చేతిలోని చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

కోదాడలో ఆ స్టూడియో మొగుడూ పెళ్లాలిద్దరిదీ. ఫోటోలు తీసేది అతను, కంప్యూటర్లోకి ఎక్కించి ఆల్బమ్ చేసేది ఆమె. మొన్న మిర్యాలగూడలో జరిగిన నాగరాణి పెండ్లి ఫోటోలు ఎక్కుతుండగా సగంలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక చూస్తే కార్డు తెరుచుకోనని మొండికేసింది. ఇన్వర్టర్ బ్యాటరీ మార్పించమని ఆమె పోరుతూనే ఉంది, ‘రేపు’ అని అతను అంటూనే ఉన్నాడు. ఆ రేపు ఇవాళ తగలబడింది.

“ఈశ్వరమ్మ ఫోటోలు చూడ్డానికి పాలకీడు నుంచి బయలుదేరిందంట. ఇప్పుడే ఫోన్ చేసింది” అంది ఉమారాణి మెల్లగా.

జగదీష్‌కు ముచ్చెమటలు పోశాయి. ఈశ్వరమ్మ పెండ్లికూతురి నాయనమ్మ. తల్లిలేని పిల్లను చంకనేసుకుని పెంచిన మనిషి. పెండ్లి పందిట్లోనే అతని చెయ్యి పట్టుకుని దులిపేసింది. “ముందట్నే కుర్చీ ఏసుకొని కూసున్న. ఏం లాభం? మీ ఫోటోలోళ్ల ఈపులు తప్ప నాకేం కనబడలె. మూడు ముళ్లూ నాకు ఫోటోలల్ల సూపియ్యాలె. సూపియ్యకుంటే నిన్ను ఇడిసిపెట్ట!”

ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? ఈ కాలంలో పుస్తె కట్టేది పెండ్లికొడుకే అయినా, కట్టించేది ఫోటోగ్రాఫరే. తల ఎత్తమన్నా, చెయ్యి ఆపమన్నా అయ్యగారి మాటకంటే అతని మాటే చెల్లుతుంది. చుట్టాలు అక్షింతలు పట్టుకుని అతని వీపు మీదే చల్లి పోతారు. అన్నీ పోయినా పరవాలేదు గానీ ముళ్ల ఫోటోలు పోతే, పెండ్లి ఫోటోలు పోగొట్టినోడని సూర్యాపేట దాకా పేరు మోగుతుంది. ఇక అతన్ని పిలిచేవాడెవడు?

పోయిన ఫోటోలు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టాడు. తెర మీద పచ్చగీత నత్తనడక నడుస్తోంది. ఫోటోలు ఒక్కొక్కటిగా, కలగాపులగంగా వస్తున్నాయి. ఎదురుకోళ్లు, బువ్వబంతి, నాగరాణి కన్నీళ్లు, ఎవరో తాత ఆవలింత.

“జీలకర్ర బెల్లం వచ్చిందండీ!”

“ముళ్లు? ముళ్లు చూడు!”

“మొదటి ముడి వచ్చింది... ఇదిగో, రెండోది కూడా.”

“అమ్మయ్య! మూడోది?”

పచ్చగీత కొసకు చేరి ఆగింది. ఉమారాణి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. లేదు.

“మళ్లీ పెట్టు.”

మళ్లీ పెట్టారు. తాత ఆవలింత మళ్లీ వచ్చింది, మూడో ముడి రాలేదు. జగదీష్ వీడియో తీసిన కొండల్‌కు ఫోన్ చేశాడు.

“అరే కొండల్, మూడో ముడి నీ వీడియోల ఉందా?”

“నువ్వే అడ్డం నిలబడితివి గదన్నా! నా వీడియోల మొత్తం నీ ఈపే ఉంది.”

“చుట్టాల ఫోన్లల్ల?”

“గాళ్ల ఫోన్లల్ల నా ఈపు ఉంటది.”

జగదీష్ ఫోన్ బల్ల మీద పడేసి తల పట్టుకున్నాడు. అంతలో గుమ్మం ముందు ఆటో ఆగింది. ఈశ్వరమ్మ స్టీలు డబ్బాతో లోపలికొచ్చింది.

“పెండ్లి లడ్డూలు తెచ్చిన, తినుండ్రి. ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్? పానం మంచిగ లేదా?”

అబద్ధమాడదామా అనుకున్నాడు. నోరు రాలేదు. “అమ్మా, నన్ను తిట్టు, కొట్టు. మూడో ముడి ఫోటో పోయింది. కరెంటు పోయి కార్డు ఖరాబైంది. అన్నీ దొరికినయి, అదొక్కటే దొరకలే” అన్నాడు.

ఈశ్వరమ్మ కుర్చీలో కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తిట్ల కోసం అతను తల వంచుకుని నిలబడ్డాడు.

“పోతే పోయింది తియ్యి. కాయితమే గదా!” అంది చివరికి. “నా బిడ్డ మెడల ముళ్లు పడ్డయి, అది సాలు. నేను సూడకుంటేంది, నువ్వు దగ్గరుండి సూసినవు గదా. ఇగ పరేషాన్ గాకు, లడ్డూ తిను.”

జగదీష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి మనుషులు ఎక్కడుంటారు? వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. లేచి డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి నోట్లో వేసుకున్నాడు.

“ఏవండీ, ఒకసారి ఇటు రండి.”

ఉమారాణి గొంతు తేడాగా ఉంది. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె ఫోటోలన్నిటినీ కెమెరా వేసిన నంబర్ల వరసలో పేర్చింది.

“నంబర్లు చూడండి. మధ్యలో ఒక్కటీ తగ్గలేదు. ఏ ఫోటో పోలేదు” అంది గుసగుసగా.

రెండో ముడి ఫోటో. దాని పక్క నంబరులో పెండ్లికొడుకు నరేందర్ తాడు కొసలు చేతుల్లో పట్టుకుని, కెమెరా వైపు తిరిగి నవ్వుతున్నాడు. “బాబూ, చేతులు అట్లనే ఉంచి ఇటు చూడు!” అని పందిట్లో జగదీషే అరిచాడు. ఆ కేక ఇప్పుడు అతని చెవుల్లో గింగురుమంది. ఆ పక్క నంబరులో అక్షింతల వాన. నరేందర్ రెండు చేతులూ పైకెత్తి చుట్టాలకు దండం పెడుతున్నాడు.

ఉమారాణి నాగరాణి మెడ దగ్గర ఫోటోను పెద్దది చేసింది.

“ఏంది బిడ్డా, దొరికిందా?” వెనుక నుంచి ఆశగా అడిగింది ఈశ్వరమ్మ.

నాగరాణి మెడలో పడింది రెండు ముళ్లే.