ముందరికాళ్ళ బంధం

కనుమ మీద మంచు కరిగేనాటికి జుమ్మా ఖటానా చేతిలో ఉన్నవి మూడే. నాలుగు గుర్రాలు, నాలుగు నెలల ఎండ, కాస్త మంచి పేరు. గుర్రం పోతే ఎలాగో మరొకటి కొనుక్కోవచ్చు. ఎండ ఏటా వస్తుంది. పేరు అలా కాదు. లోయలో గుర్రాలవాళ్ళకి కొదవ లేదు. ఒక్కసారి పేరు చెడితే కొండ నడకలకి సామాను గుర్రాలు కుదిర్చే కాంట్రాక్టరు మళ్ళీ పిలవడు.

ఈసారి బేరంలో మొదట్నుంచీ నష్టమే కనిపిస్తోంది. ఢిల్లీ నుంచి వచ్చిన నడక సంఘం వాళ్ళు ఆరుగురు. సామాను పదిమందిది. వాళ్ళ నాయకుడు కల్నల్ సెఖోన్, రిటైరైనవాడు. అందరికంటే ముందు నడుస్తాడు, అందరికంటే గట్టిగా అరుస్తాడు. రెండు రోజుల ఎక్కుడుకే బూరీ అనే ఆడగుర్రం వీపు బస్తాల కింద ఒరుసుకుపోయింది.

దేవదార్ల మధ్య మకాం చేరేసరికి మనుషులూ గుర్రాలూ ఒకేలా తలలు వేలాడేశారు. అక్కడున్నదల్లా ఒక రేకుల పాక, రాళ్ళ పొయ్యి, కూర్చోడానికి పడేసిన దుంగలు. జుమ్మా బస్తాలు దించి పుండు చూశాడు. పొద్దున రూపాయంత ఉన్నది అరచెయ్యంత అయింది. ఇంకొక్క రోజు మోస్తే బూరీ ఇక ఎందుకూ పనికిరాదు.

"సాబ్, రేపొక్క రోజు ఆగితే..." అని నసిగాడు.

"ఆగడమా? రేపు కనుమ దాటాల్సిందే!"

కల్నల్ గొంతు గుడారాలన్నిటికీ వినిపించింది.

జుమ్మా రోజూలాగే గుర్రాల ముందరికాళ్ళకి బంధాలు వేసి అడవిలోకి మేతకి వదిలాడు. బంధం వేసిన గుర్రం గెంతుకుంటూ మేస్తుంది గానీ దూరం పోదు. బూరీ మెడలో గంట ఉంటుంది. ఆ గంట ఎక్కడుంటే మిగతా మూడూ అక్కడే.

తెల్లారింది. గంట వినబడలేదు.

కాంట్రాక్టరు పంపిన వంటవాడు అసదుల్లా ఉప్పు టీ గిలక్కొడుతూ నవ్వాడు. "ఏం జుమ్మా, కాళ్ళకి బంధాలే వేశావా, రెక్కలు గానీ కట్టావా?"

కల్నల్ గుడారంలోంచి వస్తూనే మొదలెట్టాడు. "గుర్రాలు లేవా! ఏమయ్యా, పటాలాలకి పటాలాలు నడిపించాను నేను. ఒక్క కంచరగాడిద తప్పిపోలేదు. నాలుగు గుర్రాల్ని కాయలేనివాడివి ఈ పనికెందుకొచ్చావు?"

జుమ్మా తలెత్తలేదు. "వెతుకుతాను సాబ్."

"మనమూ తలో దిక్కూ వెళ్దాం" అన్నాడు సంఘంలోని నందా, బూట్లు బిగిస్తూ.

"ఎవరూ కదలొద్దు. ఎలుగుబంట్లు తిరిగే అడవి. పోగొట్టినవాడే వెతుకుతాడు" అని కల్నల్ దుంగ మీద చతికిలబడ్డాడు.

మధ్యాహ్నానికి జుమ్మా తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, చొక్కా నిండా ముళ్ళు, చేతులు ఖాళీ. చల్లారిన మొక్కజొన్న రొట్టె నిలబడే తిన్నాడు.

అప్పుడే పైనుంచి బషీర్ దిగాడు. పక్క ఊరి గుర్రాలవాడు. అతని గుర్రాల మీద బరువు లేదు. సంగతి వినగానే అతని కళ్ళు మెరిశాయి.

"సాబ్, నావి ఖాళీగానే ఉన్నాయి. ఇప్పుడు కదిలినా పొద్దుండగానే కనుమ దాటిస్తా."

జుమ్మా కల్నల్ వైపు చూశాడు. తన బరువు బషీర్ మోశాడంటే సాయంత్రానికల్లా లోయంతా తెలుస్తుంది.

"వద్దు" అన్నాడు కల్నల్. "ఒప్పుకున్నవాడే మోయాలి. దారి మధ్యలో గుర్రాలు మార్చే అలవాటు నాకు లేదు. నువ్వు నడువ్."

బషీర్ పోతూ పోతూ ఒకటి అంటించాడు. "గంట కూడా అమ్మేసుకున్నావా, భాయ్?"

జుమ్మా మళ్ళీ అడవి దారి పట్టాడు. అసదుల్లా వెనకే వచ్చి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. తప్పిపోయాయా, తప్పించావా? బూరీ పుండు నేనూ చూశాను. కిందికెళ్ళాక కాంట్రాక్టరుకి చెప్పక తప్పదు నాకు. పెళ్ళాంబిడ్డలున్నవాణ్ణి."

"చెప్పు. నీ పని నీది" అన్నాడు జుమ్మా. కాదనడానికి కూడా అతనికి ఓపిక లేదు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా గంట వినిపించింది. జుమ్మా ముందు, వెనక నాలుగు గుర్రాలు. సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టారు. కల్నల్ ఆ చప్పట్లు మునిగిపోయేలా మరో విడత తిట్టాడు. తిట్టడం అయ్యాక వంటవాడి వైపు తిరిగాడు.

"అసదుల్లా, ఇది ఇక్కడితో సరి. గుర్రాలు పోగొట్టుకున్న జట్టని మాకూ నామోషీయే. కింద ఎవరి దగ్గరా నోరు మెదపకు."

"నాకెందుకు సాబ్" అన్నాడు అసదుల్లా, కాస్త చప్పబడి.

మర్నాడు పొద్దున్నే బస్తాలు కడుతూ జుమ్మా లెక్క చూసుకున్నాడు. తిట్లకి బరువు లేదు, అవి మోసినట్టే కాదు. బషీర్ ఎగతాళి మాత్రం చలికాలం దాకా మోయాలి. అటు చూస్తే పుండు మీద పొర ఆరింది. బూరీ బస్తాలు మిగతా మూడిటికీ సర్దితే అదీ కనుమ దాటుతుంది. పేరుకి సొట్ట పడింది గానీ విరగలేదు. మొత్తానికి మిగులే.

తాళ్ళు సరిచూస్తున్నట్టు కల్నల్ గుర్రం పక్కకొచ్చి, తనవాళ్ళెవరూ దగ్గర లేరని చూసుకుని, జుమ్మా చెవిలో అన్నాడు: "నా మోకాలి వాపు సగమే తీసింది జుమ్మా, ఎల్లుండి సరస్సు దగ్గర ఇంకోసారి గుర్రాల్ని తప్పించు, ఈసారి ఇంకా గట్టిగా తిడతాను."