కాలరు కింద దారం

ఆ పిల్ల కొట్టు ముందు తచ్చాడడం దర్జీ పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాడు.

"కాజాలు తర్వాత కుట్టొచ్చు. ముందా కత్తెర లోపల పెట్టు," అన్నాడు భార్యతో.

"కత్తెర ఎత్తుకుపోయి ఏం చేసుకుంటుందండీ, జుట్టు కత్తిరించుకుంటుందా?"

ఆ జుట్టు చూస్తే ఎవరికైనా ఆ మాటే తోస్తుంది. చుట్టలు చుట్టలుగా, ఏ దువ్వెనకీ లొంగనని భీష్మించుకున్నట్టు పైకి లేచి ఉంది. ఒంటి రంగు చూస్తే ఈ వీధి మనిషి కాదు. అలాగని రైలు పట్టాల అవతలుండే పరాయి జాతివాళ్ళ రంగూ కాదు.

చివరికి గుమ్మం ఎక్కింది. వేసుకున్న కోటు విప్పి బల్ల మీద పరిచింది.

"మామయ్యా, ఈ కుట్టు ఎవరిదో చెప్పగలరా?"

"వరసలు తర్వాత కలుపుదువుగాని. ఎక్కడిదీ కోటు?"

"నాదే."

దర్జీ అస్తరు అంచు మడిచి చూశాడు. చెయ్యి అక్కడే ఆగింది. అచ్చం తన కొట్టు పనే.

"ఇది మా కుట్టు. ఎవరింట్లో కొట్టేశావు?"

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

"మీదేనా? నిజంగానా?"

"దొరికిపోయి నవ్వుతుందేమిటే ఇది?" భార్య వైపు తిరిగాడు.

"కొట్టెయ్యలేదు. మా అమ్మ కుట్టింది."

"మా చేతిపని మీ అమ్మకెలా వస్తుంది? అబద్ధమైనా కాస్త కొలతకి సరిపోవాలి."

"నాన్నవైపు వాళ్ళు నన్ను మీ జాతి పిల్ల అంటారు. ఇక్కడేమో వాళ్ళ జాతి పిల్ల అంటున్నారు. ముఖం చూసి ఎవరూ గుర్తుపట్టడం లేదు మామయ్యా. కుట్టు చూసైనా..."

"కథలు పోలీసులకి చెబుదువుగాని. ఎవరి బిడ్డవో, ఏ ఊరో అన్నీ వాళ్ళే అడుగుతారు."

ఆ ప్రశ్నలు ఆ పిల్లకి కొత్తవి కావు. ఏ జవాబు చెప్పినా ఇంతవరకూ ఎవరూ నమ్మలేదు. అంతే.

కోటు లాక్కోబోయింది. దర్జీ పట్టు వదల్లేదు. ఆ పిల్ల కాసేపు అతని వేళ్ళకేసి చూసి, చేతులు ఒంటికి చుట్టుకుని చలిలోకి వెళ్ళిపోయింది.

వీధి చివర బస్సు కదిలిన చప్పుడు వినిపించింది.

"చూశావా, పోలీసులనగానే జారుకుంది. కుట్టిన చెయ్యి ఎవరిదో తేలితే కొన్నవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళకి పంపించేద్దాం," అంటూ కాలరు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ కొట్టులో తాతల నాటి ఆనవాయితీ ఒకటుంది. కుట్టినవాళ్ళు కాలరు లోపల, ఎవరికీ కనిపించని చోట, తమ రంగు దారంతో ఒక ముడి వేస్తారు. ఏ కోటు వంకతో తిరిగొచ్చినా ఎవరిని తిట్టాలో తెలియాలి కదా.

భార్య ముందుకు వంగింది.

"ఎర్రది మీది. నల్లది మావయ్యగారిది. మరి ఈ ఆకుపచ్చ ఎవరిదండీ? నేనొచ్చాక ఈ రంగు ఇక్కడ చూళ్ళేదే."

దర్జీ కోటు పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు.

బస్సు ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

ఆకుపచ్చ దారం, పరాయి జాతివాణ్ణి కట్టుకుందని ఇదే గుమ్మంలోంచి తాను గెంటేసిన చెల్లెలిది.