కుడిపక్క రెండు వాతలు

గ్యాసు మంట మీద అట్లకాడ ఎర్రబడింది. దుర్గారావు ఒక చేత్తో పెళ్ళాం జుట్టు పట్టుకుని, రెండో చేత్తో దాన్ని తీశాడు.

"ఎవులు పెట్టేరు? నువ్వా, మాయమ్మా?"

బుల్లి పెదవి అప్పటికే చిట్లి రక్తం కారుతోంది. తనకేమీ తెలియదని మళ్ళీ చెప్పింది. పక్కగదిలో ఇరవై రెండు రోజుల పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. రాయగడ రైల్వే కాలనీలో గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు. అందరికీ వినబడుతోంది, ఒక్కరూ తలుపు తట్టలేదు. కోపం దిగితే దుర్గారావంత మంచివాడు లేడని కాలనీ అంతా అంటుంది. దిగేదాకా అతనితో ఉండాల్సింది కాలనీ కాదు కదా.

పిల్ల ఎనిమిదో నెలలోనే పుట్టింది. ఊళ్ళో ఒక పిల్లల ఆస్పత్రి నర్సరీలో, ఒంటికి తీగలు అతికించి వెచ్చటి పెట్టెలో పద్దెనిమిది రోజులు ఉంచారు. సోమవారం ఇంటికి పంపుతూ, చలికాలం కాబట్టి అడుగుగుడ్డ మార్చడానికి తప్ప ఒంటికి చుట్టిన దూది విప్పొద్దన్నారు. గురువారం చూపించడానికి తీసుకెళితే ఆ ఆస్పత్రి డాక్టర్ విష్ణువర్ధనే ఆ దూది విప్పాడు. కుడి పక్కటెముకల కింద రెండు గుండ్రటి కాలిన మచ్చలున్నాయి.

ఆ కొండ ఊళ్ళలో పిల్లల డాక్టరుకి అలాంటి మచ్చ చూశాక రెండో ఆలోచన రాదు. పొట్ట ఉబ్బితే వాత, పాలు కక్కితే వాత. వారానికొక పసివాణ్ణి అలా చూసీ చూసీ విసిగిపోయిన మనిషి. చదువుకున్నవాడివి, సర్కారు ఉద్యోగివి, నీ ఇంట్లోనూ ఇదేనా అని అందరి ముందూ గడ్డిపెట్టాడు. దుర్గారావు తలెత్తలేకపోయాడు. అక్కడ మింగిన అవమానమంతా ఇప్పుడు వంటింట్లో కక్కుతున్నాడు.

అట్లకాడ బుల్లి చెంప దగ్గరికి వచ్చింది. గురమ్మ మధ్యలోకి వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"దాన్నొగ్గీరా. నానే పెట్టేను."

దుర్గారావు ఆగాడు.

"పిల్ల పాలు కక్కేస్తంటే పసుపుకొమ్ము కాల్చి పెట్టేను. నీకూ పెట్టేను గదా, నువ్వు బతకలేదేటి?"

అతని పొట్ట మీద ఆ మచ్చ ఇప్పటికీ రూపాయి బిళ్ళంత ఉంది. ఇంక అనుమానమేముంది? పెళ్ళాం జుట్టు వదిలేసి తల్లి కుడిచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు బలవంతాన విప్పదీసి, అరచేతిలో అట్లకాడ పెట్టి నొక్కాడు.

"తెలస్తందా అమ్మా, ఎలాగుంటాదో?"

గురమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడింది. బుల్లి వచ్చి అతని కాళ్ళు పట్టుకుంటే ఒక్క తన్ను తన్నాడు. కాలిన వాసన మర్నాటిదాకా ఇంట్లోంచి పోలేదు.

ఆ సాయంత్రమే తల్లిని రైలెక్కించి పార్వతీపురం దగ్గర మేనమామ ఇంటికి పంపేశాడు. ఆమెకి షుగరుంది. పుండు మానలేదు. చివరికి విశాఖపట్నంలో మణికట్టు దాకా చెయ్యి తీసేశారు. దుర్గారావు చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

ఐదు నెలలు గడిచాయి. పిల్లకి అన్నప్రాసన పెట్టుకున్నారు. గురమ్మ తమ్ముడి చేత ఫోను చేయించింది. లోపలికి రానని, గేటు దగ్గరే నిలబడి మనవరాలిని ఒక్కసారి చూసి వెళ్ళిపోతానని కబురు. ఆ చెయ్యి నా పిల్లని తాకకూడదన్నాడు దుర్గారావు.

"ఆ సెయ్యి ఇప్పుడు లేదు గదండీ" అంది బుల్లి.

 జయపురం నుంచి వచ్చాక చూద్దామన్నాడు.

జయపురంలో ఆ ఆదివారం పిల్లల డాక్టర్లకి సదస్సు. సీఎంఈ అంటారు. కోరాపుట్, రాయగడ జిల్లాల నుంచి నలభైమంది దాకా ఒక హోటల్ హాల్లో చేరారు. పొద్దున సికిల్ సెల్ రక్తజబ్బు గురించి, పౌష్టికాహారం గురించి చెప్పారు. భోజనాలయ్యాక విష్ణువర్ధన్ వంతు. చదువుకున్న ఇళ్ళలోనూ వాతలు పెడుతున్నారని చెప్పడానికి దుర్గారావుని వెంటబెట్టుకొచ్చాడు.

వెనక తెర మీద తన పిల్ల పొట్ట అంత పెద్దగా కనబడుతుంటే, దుర్గారావు మైకు పట్టుకుని అంతా చెప్పాడు. అట్లకాడ సంగతి కూడా దాచలేదు. పిల్ల జోలికొస్తే అమ్మైనా ఒకటేనన్నాడు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకో ఇద్దరు కలిశారు. ఆ చప్పుడుతో అతని మనసులో ఊగిసలాట తీరిపోయింది. అమ్మ రావడానికి వీల్లేదు.

ముందు వరసలో కూర్చున్న డాక్టర్ భారతీదేవి మాత్రం చప్పట్లు కొట్టలేదు. విశాఖ నుంచి వచ్చిన పెద్దావిడ. ముప్పై ఏళ్ళు పురిటిబిడ్డల వార్డుల్లో గడిపింది. లేచి తెర దగ్గరికి నడిచి ఆ మచ్చల్ని చాలాసేపు చూసింది. సరిగ్గా ఈ చోటే మచ్చలున్న పిల్లలు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది.

తనకి గుర్తులేదన్నాడు విష్ణువర్ధన్. ఇలాంటివి ఏమున్నా ఫోటో తీసి ఈ బొమ్మల్లో చేర్చమని నర్సు ప్రవీణకి చెప్పాడట. లాప్‌టాప్ దగ్గర కూర్చున్న ప్రవీణ, పోయిన వారం ఒకటి తీశానని మీట నొక్కింది.

తెర మీదికి వేరే పసిబిడ్డ వచ్చింది. కుడి పక్కటెముకల కిందే రెండు మచ్చలు. అంతే గుండ్రం, అంతే ఎడం.  దుర్గారావు ఇంకా మైకు పట్టుకునే ఉన్నాడు.

"ఈ పిల్లకెవరు పెట్టారమ్మా?" అడిగింది భారతీదేవి.

ప్రవీణ ఒకసారి డాక్టరు వంక, ఒకసారి దుర్గారావు వంక చూసింది. 

"పుట్టిన రోజే ఎవరో ఆస్పత్రి మెట్ల మీద వదిలేసి పోయారు మేడం. ఆ పాప ఇంతవరకూ మన నర్సరీ గుమ్మం దాటలేదు."